ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలకు సముద్ర తాబేళ్ల నీడబొమ్మలాట: తెర, దీపం, కథ ఎలా?

బడిగంట:

నమస్కారమండీ. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరి ప్రాథమిక పాఠశాల కోసం అడుగుతున్నాను. ఒకటి, రెండు, మూడు తరగతులు కలిపి 34 మంది పిల్లలు. చాలామంది వేటకెళ్లే ఇళ్ల వాళ్లే. జనవరిలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కేలోపు ఆలివ్ రిడ్లీలనే ఆ సముద్ర తాబేళ్ల మీద నీడబొమ్మలాట వేయాలి. తోలుబొమ్మలు కొనలేం, అట్టతోనే చేసుకోవాలి. ఖర్చు 600 రూపాయలు దాటకూడదు. ఉన్న సమయం ఒక పీరియడు, 45 నిమిషాలు.

దుప్పటి కట్టి, వెనక రెండు ట్యూబ్‌లైట్లు వేసి ఒక అట్ట తాబేలును ఆడించి చూశాం. నీడ అలుక్కుపోయినట్టు వస్తోంది, పక్కనే ఇంకో నీడ కూడా పడుతోంది. బొమ్మ పట్టుకున్నవాళ్ల తల కూడా కనబడుతోంది. దీన్ని ఎలా సరిచేయాలి? పిల్లలు ఊరికే చూడకుండా ఆటలో పాలు పంచుకోవాలంటే ఏం చేయాలి? ‘అర్థమైందా?’ అంటే అందరూ ‘అర్థమైంది’ అంటారు, అంతే. ఇంకొకటి, వలలో పడి తాబేళ్లు చనిపోవడం గురించి ఈ పిల్లలకు చెప్పవచ్చా? చెబితే వాళ్ల నాన్నల్నే తప్పుపట్టినట్టు అవుతుందేమోనని అనుమానం.

తెరచాటు:

టీచరుగారూ, మీ నీడ చెడింది బొమ్మ వల్ల కాదు, దీపం వల్ల. నాలుగడుగుల ట్యూబ్‌లైటు తన పొడవునా ప్రతి చోటు నుంచీ ఒక్కో నీడ వేస్తుంది. అవన్నీ కాస్త కాస్త పక్కకు జరిగి ఒకదాని మీద ఒకటి పడతాయి, అంచు చెదిరిపోతుంది. రెండు ట్యూబులున్నాయి కాబట్టి నీడలూ రెండు. వెలుగు ఎంత చిన్న చుక్కలోంచి వస్తే అంచు అంత పదునుగా ఉంటుంది. సెల్‌ఫోన్ టార్చి ఒక్కటి చాలు. పాలరంగు ఎల్ఈడీ బల్బు వాడితే బొమ్మను తెరకు ఆనించే ఆడించాలి, నాలుగు వేళ్లు వెనక్కి జరిగినా మసకబారుతుంది. తోలుబొమ్మలాటలో ఆముదం దీపాల వెలుగులో కూడా బొమ్మ అంత స్పష్టంగా కనబడిందంటే తెరకు అదిమిపెట్టి ఆడించడం వల్లే.

దుప్పటి మందం ఎక్కువ, సగం వెలుగు తాగేస్తుంది. పాత తెల్ల పంచె వాడండి. 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు తెర 34 మందికి సరిపోతుంది. పైనా కిందా వెదురు కర్రలకు కుట్టి, తడిపి, లాగి కట్టి ఆరనివ్వండి. ముడతలు అలాగే ఉంటే సముద్రం మధ్యలో అడ్డగీతలు కనబడతాయి. తెర అడుగంచు నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున ఉండాలి. దాని కింద ఆ దుప్పటినే వేలాడదీయండి, అలా అది పనికొస్తుంది.

ఇప్పుడు తలకాయ సంగతి. ఫోన్‌ను తెరకు 4 అడుగుల వెనక, నేలకు 6 అడుగుల ఎత్తున కిందికి వంచి కట్టండి. కిటికీ ఊచకో, బల్ల మీద పెట్టిన కుర్చీ వీపుకో కట్టవచ్చు. ఆడించేవాళ్లు తెరకు అడుగు దూరంలోపు నేల మీద కూర్చుని చేతులు పైకెత్తి ఆడించాలి. అప్పుడు వెలుగు వాళ్ల తలల మీదుగా వెళ్లిపోతుంది. మోకాళ్ల మీద లేస్తే తల తెరకెక్కుతుంది, వెనక్కి జరిగితే బొమ్మ తెరకు ఆనదు. అందుకే నేల మీద సుద్దతో గీత గీసి, ఆ గీత దాటొద్దని చెప్పండి. ఇంకో మాట, దీపం తెర వెనక సరిగ్గా పిల్లల కంటి ఎత్తున ఉంటే తెర మధ్యలో తెల్లటి మంట లాంటి మచ్చ కనబడుతుంది. పైనుంచి వేస్తే ఆ బాధ తగ్గుతుంది.

బొమ్మకు స్వీటు డబ్బా అట్ట మంచిది. గాడులు ఉండే కార్టన్ అట్ట ఆ గాడుల దగ్గరే మడతపడుతుంది. తల్లి తాబేలు 35 సెంటీమీటర్ల పొడవు, పక్క నుంచి చూసినట్టు కోయండి. ముందు తెడ్డు, వెనక తెడ్డు విడి ముక్కలు. కీలుకు దబ్బనంతో బెజ్జం వేసి, లావు దారం దూర్చి, రెండు వైపులా ముడి వేయండి. ముడికీ అట్టకూ మధ్య బియ్యపు గింజంత సందు వదలాలి. బిగిస్తే తెడ్డుతోపాటు ఒళ్లంతా తిరుగుతుంది, ఎక్కువ వదిలితే తెడ్డు వేలాడుతుంది. వెదురుబద్దను పైన చీల్చి, బొమ్మను ఆ చీలికలో ఇరికించి రెండు చోట్ల దారంతో కుట్టండి. ఒక్కచోటే కుడితే ఆట మధ్యలో తాబేలు తలకిందులవుతుంది. తెడ్లకు కొబ్బరి ఈనె పుల్లలు చాలు. సెల్లోటేపు మాత్రం నమ్మకండి. ఉప్పుగాలికి, చేతి చెమటకు ఊడిపోతుంది.

అట్టకు రంగులు వేయడం వృథా, తెర మీద నల్లగానే పడుతుంది. రంగు కావాలంటే డిప్ప మీద పలకలు కోసేసి, ఆ కిటికీలకు ఆకుపచ్చ జెలటిన్ కాగితం అంటించండి. తోలుబొమ్మకు మేకతోలును వెలుగు దిగేంత పలచగా గీకుతారు కాబట్టి దాని రంగులు తెర మీదికి వస్తాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట బొమ్మల ఫొటోలు పిల్లలకు ముందే చూపిస్తే, ఆ ఆభరణాల చోట వేసే వందల చిన్న బెజ్జాలు ఎందుకో వాళ్లకే తెలిసిపోతుంది.

ఇసుకమేట:

తెర సంగతి బాగా చెప్పారు. కథ రాసేముందు జంతువు సంగతి కొంత చూసుకోండి. బొమ్మ చూపించిన తప్పు పుస్తకంలోని తప్పుకన్నా గట్టిగా నాటుకుంటుంది.

సముద్ర తాబేలు తలను, తెడ్లను డిప్పలోకి లాక్కోలేదు. చెరువు తాబేలును చూసిన అలవాటులో దాదాపు ప్రతి బొమ్మలాటలోనూ ఈ తప్పు దొర్లుతుంది. కాళ్లు, వేళ్లు గీయకండి, తెడ్లే. ముందువి పొడుగు, ఈతకు. వెనకవి పొట్టి, గుంట తవ్వడానికి. ఒడ్డెక్కేది ఆడతాబేలు మాత్రమే. సుమారు అడుగున్నర లోతు గుంటలో నూటికి పైచిలుకు గుడ్లు పెడుతుంది, ఒక్కో గుడ్డు టేబుల్ టెన్నిస్ బంతంత. తర్వాత ఇసుక కప్పి, ఒళ్లును అటూ ఇటూ ఊపుతూ పొట్టభాగంతో ఇసుకను దిమ్మిస కొట్టినట్టు అదుముతుంది. రిడ్లీలకే ప్రత్యేకమైన ఈ ఊపు బొమ్మలాటకు పెద్ద వరం. దాన్ని వదలొద్దు, పిల్లలచేత కూర్చున్నచోటే చేయించండి. ఒడ్డున ఉన్నప్పుడు కంటి నుంచి నీళ్లు కారడం ఏడుపు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పును అలా బయటికి పంపుతుంది. ‘పాపం, నొప్పికి ఏడుస్తోంది’ అనే డైలాగు పెట్టకండి.

తల్లి మళ్లీ రాదు. పిల్లలు అమ్మ కోసం వెతుక్కునే సీను, చివర అమ్మతో కలిసి ఈదే సీను రెండూ అబద్ధమే. పిల్లలు సుమారు 45 నుంచి 60 రోజులకు బయటికి వస్తాయి, ఎక్కువగా రాత్రిపూట లేదా తెల్లవారుజామున, ఇసుక చల్లబడ్డాక. అన్నీ కలిసి వస్తాయి. చీకటి ఒడ్డున అన్నిటికన్నా వెలుతురుగా కనబడే దిక్కు సముద్రమే. వెనక సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు నల్లగా ఎత్తుగా ఉంటాయి. నల్లటి ఎత్తుకు దూరంగా, కిందుగా ఉన్న వెలుతురు వైపు నడుస్తాయి. ఆ దారిలో వీధిదీపమో, రిసార్టు లైటో వెలిగితే అటు వెళ్లిపోతాయి. మీ ఆటకు అసలు ముడి ఇదే. దీపంతో ఆడే నాటకంలో దీపమే పాత్రవుతుంది, ఇంతకన్నా కథ అక్కర్లేదు.

కొలతలు కూడా చూసుకోండి. తల్లి డిప్ప 60–70 సెంటీమీటర్లు, పుట్టిన పిల్ల సీసా మూతకన్నా కాస్త పెద్దది. మీ 35 సెంటీమీటర్ల తల్లికి తగ్గట్టు చేస్తే పిల్ల 2 సెంటీమీటర్లే వస్తుంది, వెనక వరుసకు కనబడదు. కాబట్టి తల్లి, పిల్లలు ఒకే సీనులో వద్దు, అసలు జరిగేదీ అదే. పిల్లల సీనులో వాటిని 6 సెంటీమీటర్లు చేసి, వాటి వెంట పడే కుక్కను మొత్తం చూపకుండా ముక్కు, ముందరి పంజా మాత్రమే తెర మూలనుంచి దూర్చండి. పిల్ల ఎంత చిన్నదో దాంతోనే తెలిసిపోతుంది.

వల గురించి. చెప్పాలి, దాచొద్దు. వాళ్లు ఒడ్డున చచ్చిన తాబేళ్లను చూసే ఉంటారు, మనం చెప్పకపోతే వాళ్లకు తోచిన కారణం వాళ్లే కల్పించుకుంటారు. కారణం తేలికే: తాబేలు చేప కాదు, గాలి పీల్చడానికి పైకి రావాలి. వలలో చిక్కి గింజుకుంటే ఊపిరి తొందరగా అయిపోతుంది. ఉల్లిపాయల సంచి ముక్క తెర మీద అచ్చం వలలా పడుతుంది. అందులో చిక్కిన తాబేలును చూసి వల కోసి వదిలేసే మనిషిని పెట్టండి, అతను వాళ్ల నాన్నలాంటి మనిషి, లుంగీ కట్టుకుని తెప్ప మీద ఉన్నవాడు. కానీ ఒకటి మరవకండి, వల కోస్తే ఆ ఇంటికి నష్టం. ‘వల మళ్లీ అల్లుకోవాలి’ అని అతనిచేతే అనిపించండి. ఆ మాట లేకపోతే ఆ ఇళ్ల పిల్లలకు కథ ఉత్తదనిపిస్తుంది. ట్రాలర్ల (వల ఈడ్చే పెద్ద మరపడవల) వలకు తాబేలు బయటపడే అమరిక వేరే ఉంది: లోపల ఊచల అడ్డు, దాని పక్కన తెరుచుకునే దారి. చేపలు ఊచల సందులోంచి వెనక సంచిలోకి పోతాయి, తాబేలు ఊచలకు తగిలి ఆ దారిలో జారిపోతుంది. అది నాలుగు, ఐదు తరగతులకు ఉంచుకోండి.

వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒకటో రెండో అనే అంచనా కూడా ఈ వయసుకు వద్దు. పీత ఒకదాన్ని పట్టుకుపోయింది, కాకి ఒకదాన్ని ఎత్తుకుపోయింది, మిగిలినవి నడుస్తూనే ఉన్నాయి. అంత చాలు. పీతను, కాకిని దొంగలుగా చూపకండి, అవీ తినాలిగా. కుక్క విషయంలో మరీ జాగ్రత్త. కుక్కను దుర్మార్గుడిలా చూపితే మర్నాడు ఊళ్లో కుక్కల మీద రాళ్లు పడతాయి.

మూడోగంట:

పిల్లలు పాలు పంచుకోవడం గురించి.

ప్రశ్నలు అడిగే బొమ్మ కన్నా తప్పు చెప్పే బొమ్మ ఎక్కువ పని చేస్తుంది. మన తోలుబొమ్మలాటలోనే ఆ మనిషి ఉన్నాడు, కేతిగాడు. కథ మధ్యలో దూరి అడ్డదిడ్డంగా మాట్లాడతాడు, బంగారక్క అతన్ని దులిపేస్తుంది. ఆ జంటను తెచ్చుకోండి. అసలు ఆటలో వాళ్ల హాస్యం పెద్దలది, బూతు కూడా ఉంటుంది. మీకు కావలసింది ఆ పాత్రల తీరు మాత్రమే. కేతిగాడు ‘తాబేలు తల లోపలికి లాక్కుంది చూడండి’ అంటాడు. పిల్లలు ‘కాదు’ అని అరుస్తారు. బంగారక్క ‘ఏటి బాబూ, సరిగ్గా చూసినావా?’ అని తాబేలును తెర మీదికి తెస్తుంది. మీ ఊరి మాటలోనే మాట్లాడించండి, పుస్తకం భాష ఎత్తుకుంటే బొమ్మ పాఠం చెబుతున్నట్టే ఉంటుంది.

కానీ తప్పులు మూడు మించొద్దు. ప్రతి తప్పునూ వెంటనే పిల్లలు కొట్టిపారేయాలి, ఆ వెంటనే తెర మీద సరైనది కనబడాలి. అరుపుతో వదిలేస్తే ఆరేళ్ల పిల్లకు గుర్తుండేది కేతిగాడి మాటే, ఎందుకంటే నవ్వు వచ్చింది దానికే. పిల్లలకు ముందే తెలియని విషయంలో తప్పు పెట్టినా అంతే, సరిదిద్దడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. కాబట్టి ముందు చూపించండి, తర్వాత కేతిగాడిని దింపండి.

అడిగేటప్పుడు ‘ఎందుకు?’ వద్దు. ‘ఇటా? అటా?’ అని అడిగి, ‘ఒకటి, రెండు, మూడు’ అన్నాక అందరూ ఒకేసారి చెయ్యి చూపాలి. ఇలా చేయకపోతే ముందు వరుసలో ముగ్గురు అరుస్తారు, మిగతా 31 మంది వాళ్లను చూసి చెయ్యెత్తుతారు.

ఇక దీపం సీను. తెర ఎడమ వైపు సముద్రం, కుడి వైపు ఊరు. ఊరి దీపానికి రెండో ఫోన్ కావాలి, టార్చి ముందు పసుపు జెలటిన్. ఇక్కడ చాలామంది పిల్లల చేతికే టార్చిలిచ్చి తెర మీద వేయమంటారు. ముందు నుంచి వెలుగు పడగానే తెర తెల్లబోయి నీడలన్నీ మాయమవుతాయి, ఆట ఆగిపోతుంది. రెండో దీపం కూడా తెర వెనకే ఉండాలి. దానికి అట్టతో గొట్టం చుట్టి, తెర కుడి మూలకు మాత్రమే వెలుగు తగిలేలా తిప్పండి. గొట్టం లేకపోతే ప్రతి బొమ్మకూ రెండో నీడ పుట్టి మళ్లీ మొదటికొస్తుంది.

పిల్ల తాబేళ్లు పదింటిని ఒకే పొడుగాటి అట్టబద్దకు అంటించండి, ఒక్క చేత్తో అన్నీ నడుస్తాయి. సముద్రం వైపు నాలుగడుగులు నడిచాక ఊరి దీపం వెలగాలి. తాబేళ్లు ఆగి, మెల్లగా కుడివైపు తిరగాలి. ఎవరూ మాట్లాడకూడదు. కేతిగాడు కూడా. ఏదో తప్పు జరుగుతోందని పిల్లలకే తట్టేదాకా పది లెక్కపెట్టేంత సేపు ఆగండి. ఈ మౌనం టీచర్లకు కష్టం, తొందరపడి చెప్పేస్తారు. ఎవరో ఒకరు ‘లైటు!’ అంటారు. అప్పుడు బంగారక్క ‘ఎవరొచ్చి ఆర్పుతారు?’ అని ఒకరిని తెర వెనక్కి పిలుస్తుంది. ఆ పిల్లో పిల్లవాడో గొట్టం మీద అరచెయ్యి మూయగానే అదే క్షణంలో తాబేళ్లు సముద్రం వైపు తిరగాలి. ఆడించేవాళ్లు రెండు సెకన్లు ఆలస్యం చేస్తే చెయ్యికీ తాబేలుకూ లంకె తెగిపోతుంది. రిహార్సల్‌లో ఇదొక్కటే పదిసార్లు చేయండి.

ఊపిరి ఆట కూడా పెట్టొచ్చు. తల్లి నీళ్లలో ఉన్నంతసేపు అందరూ నోరు మూసుకుంటారు, పైకి రాగానే ‘హా’ అని గాలి పీలుస్తారు. మూడుసార్లు, ఒక్కోటి ఐదు లెక్కపెట్టేంత వరకే. ఎవరు ఎక్కువసేపు ఉంటారన్న పోటీ పెట్టకండి.

అలల చప్పుడుకు చేటలో బియ్యం అటూ ఇటూ జార్చండి. అల్లరి పిల్లవాడు ఎవరైనా ఉంటే ఆ చేట అతని చేతికే ఇవ్వండి. ఆట మొత్తం 20 నిమిషాలు మించొద్దు.

బడిగంట:

చాలా సాయం చేశారండీ. ఇంకో రెండు అనుమానాలు. గదికి తలుపుల్లేని రెండు కిటికీలున్నాయి, పగటిపూట పూర్తి చీకటి రాదు. ఒకటో తరగతిలో ఇద్దరు ముగ్గురికి చీకటంటే భయం కూడా. 45 నిమిషాల్లో ఆటకు 20 పోతే మిగతాది ఎలా వాడాలి?

తెరచాటు:

పూర్తి చీకటి అక్కర్లేదు, తెర మీద పడే బయటి వెలుగు తగ్గితే చాలు. తెరను కిటికీలున్న గోడ వైపే కట్టి, పిల్లలను దానికి ఎదురుగా కూర్చోబెట్టండి. అప్పుడు కిటికీ వెలుగు తెర ముఖం మీద కాకుండా వీపు మీద పడుతుంది. కిటికీలకు నల్ల దుప్పటో, రెండు మడతల టార్పాలినో కట్టండి. అయినా నీడ పాలిపోతే తెరను సగానికి తగ్గించి, ఫోన్‌ను రెండడుగుల దగ్గరికి తెండి. అలా చేస్తే తెర వెనక చోటు తగ్గుతుంది కాబట్టి అప్పుడు ఒక్కరే ఆడించాలి.

భయం పోవాలంటే ఆట మొదలవకముందే పిల్లలను అయిదారుగురు చొప్పున తెర వెనక్కి తీసుకెళ్లి బొమ్మను ముట్టుకోనివ్వండి, దీపం చూపించండి. గుట్టు తెలిస్తే రక్తి పోతుందని భయపడకండి, ఎవరు ఏది ఆడిస్తున్నారో తెలిసిన పిల్లలే ఇంకా కళ్లార్పకుండా చూస్తారు. తలుపు బెత్తెడు తెరిచి ఉంచి, భయపడేవాళ్లను దాని దగ్గర కూర్చోబెట్టండి.

ఇసుకమేట:

మిగతా సమయం: ముందు పది నిమిషాలు చింతగింజలకు. ప్రతి జట్టు పదేసి చొప్పున 11 కుప్పలు పెట్టాలి, అదే ఒక గూడు. రెండో తరగతి లెక్కా అయిపోతుంది, ‘నూట పది’ అంటే ఎంతో చేతికీ తెలుస్తుంది. ఆట తర్వాత మిగిలిన పావుగంటలో, గూడు కనబడితే ఏం చేయాలో ఆడించండి. నేల మీద చాక్‌తో ఒడ్డు గీసి, చింతగింజల గూడు పెట్టి, ముగ్గురు పిల్లలు దారిన వస్తున్నట్టు నడవాలి. చేతులు వెనక్కి కట్టుకోవడం, నాలుగడుగులు వెనక్కి జరగడం, ఒకరు అక్కడే నిలబడటం, ఇద్దరు వెళ్లి పెద్దవాళ్లకు చెప్పడం, పెద్దవాళ్లు ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేయడం. మూడు జట్లచేత చేయిస్తే మిగతావాళ్లకూ వచ్చేస్తుంది.

‘గుడ్లు తీసి హేచరీకి (గుడ్లను కాపాడి పొదిగించే చోటుకు) ఇద్దాం’ అని ఏ పిల్లవాడైనా అంటే మెచ్చుకోకండి, కారణం చెప్పండి. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది, తర్వాత గుడ్డు దొర్లితే చచ్చిపోతుంది. గుడ్డు మీద పెన్సిల్‌తో పైభాగం గుర్తు పెట్టి, తిప్పకుండా ఎత్తడం నేర్చుకున్నవాళ్లు చేసే పని. నడుస్తున్న పిల్ల తాబేలును ఎత్తి నీళ్లలో వేయడం కూడా వద్దు. మీ బొమ్మలాటలో మనిషి చెయ్యి తాబేలు పిల్లను తాకే సీను ఒక్కటి కూడా ఉండకూడదు, ఉంటే పిల్లలు అదే చేస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలు (గట్టి రక్షణ ఉన్న జాబితా) జంతువు, గుడ్లు తీసినా నేరమే. ఆ మాట పిల్లలకు కాదు, ఆట చూడడానికి వచ్చిన పెద్దలకు చెప్పండి.

ఏం నిలిచిందో తెలుసుకోవాలంటే అదే రోజు అడగకండి. రెండు వారాలాగి ఒక కాగితం ఇవ్వండి: మధ్యలో తాబేలు పిల్ల, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క వెలుగుతున్న వీధిదీపం. ‘ఇది ఎటు పోతుంది, దారి గీయండి’ అనండి. దీపం వైపు గీసినవాళ్లకు అర్థమైనట్టే. సముద్రం వైపు గీసినవాళ్లను మాత్రం పిలిచి అడగండి. ‘నేను లైటు ఆర్పేశాను కదా టీచర్’ అని ఎవరైనా అంటే ఆ బొమ్మకూ పూర్తి మార్కులే.